హుదీ పాట నుంచి సీటు వెనక స్క్రీన్ దాకా



పోయిన నెల కడప నుంచి మా ఖాలా కొడుకు ఫోన్ చేశాడు. సెకండ్ హ్యాండ్‌లో ఏడు సీట్ల బండి కొన్నాడు. ముబారక్ చెప్పాను. తర్వాత అసలు మాట బయటపెట్టాడు. "భాయ్‌జాన్, ఈద్‌కి అందరం హైదరాబాద్ వస్తున్నాం. నాలుగు వందల కిలోమీటర్లు. వెనక నలుగురు బచ్చాలు, పక్కన అమ్మీ. ఏదన్నా వీడియో పెట్టించాలి. సస్తాలో ఏది మంచిది? షాపువాడు ఒక్కో సీటు వెనక ఒక్కో స్క్రీన్ పెట్టించుకోమంటున్నాడు."

సస్తా, మహెంగా సంగతి రెండు నిమిషాల్లో చెప్పేయొచ్చు. కానీ సఫర్‌లో తమాషా అన్నది నిన్న మొన్న పుట్టింది కాదు. దానికి పెద్ద తారీఖ్ ఉంది. అది తెలిస్తే ఏది కొనాలో, ఏది వద్దో మనకే తెలుస్తుంది. అందుకే వాడికి చెప్పాల్సిన జవాబును ఇక్కడ రాస్తున్నాను.

గాజు సామాను

సహీహ్ బుఖారీలో ఒక రివాయత్ ఉంది. రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం సఫర్‌లో ఉన్నారు. ఖాఫిలాలో ఆడవాళ్ల ఒంటెలు కూడా ఉన్నాయి. వాటిని తోలేవాడు అంజషా. మంచి గొంతు ఉన్నవాడు. అరబ్బులు ఒంటెలు తోలుతూ పాడే పాటను మనం ఉర్దూలో హుదీ అంటాం. పాట ఊపందుకుంటే ఒంటె అడుగు కూడా ఊపందుకుంటుంది. దారి తరుగుతుంది, అలసట తెలియదు. ఎడారి ముసాఫిర్‌కి రేడియో అదే, వీడియో అదే.

అంజషా పాటకు ఒంటెలు వడి పెంచాయి. అప్పుడు హుజూర్ అతన్ని పేరు పెట్టి పిలిచి, మెల్లగా పోనిమ్మని చెప్పారు. పైన కూర్చున్న ఆడవాళ్లను గాజు పాత్రలతో పోల్చి, అవి పగలకుండా చూసుకోమన్నారు. ఉలమా దీనికి రెండు మానీలు చెప్పారు. ఒంటె కుదుపుకి ఆడవాళ్లకు తక్లీఫ్ అవుతుందని ఒకటి. అంత మంచి గొంతుకి దిల్ కదిలిపోతుందని ఇంకొకటి. ఏ మానీ తీసుకున్నా ఒక సంగతి మాత్రం సాఫ్‌గా ఉంది. పాటను బంద్ చేయమనలేదు. తోలేవాడి జోష్ కంటే కూర్చున్నవాళ్ల సలామత్ ముందు అన్నారు.

పద్నాలుగు వందల ఏళ్ల తర్వాత కూడా బండిలో స్క్రీన్ పెట్టించే ముందు చూసుకోవాల్సిన ఉసూల్ ఇదే. కింద వచ్చే ప్రతి జమానాను ఈ తరాజులోనే తూచి చూద్దాం.

సరాయి నుంచి మోటార్ దాకా

మన దక్కన్‌లో ముసాఫిర్లు రాత్రిళ్లు సరాయిల్లో ఆగేవాళ్లు. హైదరాబాద్ నుంచి మచిలీపట్నం పోయే పాత దారి మీద హయత్‌నగర్‌లో కుతుబ్‌షాహీ రాణి హయాత్ బక్షీ బేగం కట్టించిన మసీదు ఉంది. విజయవాడ రోడ్డు మీద పోయేటప్పుడు చూసే ఉంటారు. దాని చుట్టూ వరసగా గదులున్నాయి. అవి ముసాఫిర్ల కోసమే. పగలు నడక, రాత్రి దస్తర్‌ఖాన్, ఆ తర్వాత కిస్సాలు, దాస్తాన్‌లు. చెప్పేవాడు ఒక్కడు, వినేవాళ్లు పదిమంది. ఖర్చు సిఫర్.

1932లో నిజాం సర్కార్ రైల్వే కింద బస్సులు మొదలయ్యాయి. 27 బండ్లు, 166 మంది ములాజిమ్‌లు. మన ఆర్టీసీ బస్సుల నంబర్లలో కనబడే జెడ్ అక్షరం ఏడో నిజాం తల్లి జహ్రా బేగం పేరు నుంచి వచ్చిందని పెద్దలు చెప్పుకుంటారు. 1935లో దక్కన్ రేడియో నిజాం సర్కార్ చేతికి వచ్చింది. కానీ ఆ రేడియో ఇంట్లో బల్ల మీద కూర్చునేది. బస్సు ఎక్కేది కాదు.

రేడియోని బండెక్కించింది అమెరికావాళ్లు. 1930లో గాల్విన్ కంపెనీ మోటరోలా అనే కారు రేడియో తెచ్చింది. మోటార్ కారుకి, పాటల పెట్టెకి ముడి వేసి పెట్టిన పేరు అది. బిగించే ఖర్చుతో కలిపి 100 డాలర్లు దాటేది. ఆ రోజుల్లో మంచి కారే 600, 700 డాలర్లకు వచ్చేది. అంటే కారు ధరలో ఆరో వంతు పాటలకే. పైగా కొన్ని రాష్ట్రాల్లో గొడవ లేచింది. డ్రైవర్ ధ్యాన్ రోడ్డు మీద ఉండదు, దీన్ని బంద్ చేయాలని వాదించారు. చూశారా, అంజషా సవాల్ మళ్లీ అక్కడ మొలిచింది.

1956లో క్రిస్లర్ కంపెనీ ఇంకో అడుగు వేసింది. కారులో గ్రామఫోన్ పెట్టింది. పేరు హైవే హై-ఫై. నిమిషానికి పదహారున్నర చుట్లకు కాస్త ఎక్కువగా, చాలా మెల్లగా తిరిగే రికార్డులు దానికోసమే తయారు చేయించారు. చిక్కు కూడా అక్కడే వచ్చింది. ఆ రికార్డులు ఒక్క కంపెనీయే ఇవ్వాలి. బజారులో దొరికే మామూలు రికార్డు దానిలో నడవదు. కొన్నేళ్లకే ఆ మెషిన్ కథ ఖతం. మిషన్ ఎంత ఉమ్దాగా ఉన్నా, దానిలో వేసే మాల్ మన చేతికి సులువుగా అందకపోతే అది డబ్బాతో సమానం. ఈ సబఖ్ గుర్తు పెట్టుకోండి. చివర్లో పనికొస్తుంది.

1963లో ఫిలిప్స్ కంపెనీ క్యాసెట్ తెచ్చింది. జేబులో పట్టేది, కుదుపుకు తట్టుకునేది, ఇంట్లోనే రికార్డ్ చేసుకోగలిగేది. ఈ మూడు గుణాల వల్ల క్యాసెట్ దునియా మొత్తం తిరిగింది. మన దగ్గరికి వచ్చేసరికి 1980లు అయింది. దుబాయ్, కువైట్, సౌదీ పోయినవాళ్లు సెలవులకు వస్తూ టూ-ఇన్-వన్ మోసుకొచ్చారు. టాక్సీ అంబాసిడర్లలో, లారీల్లో, పెళ్లి బస్సుల్లో టేప్ రికార్డర్లు దిగాయి. ఖవ్వాలీలు, నాతులు, సినిమా పాటలు, సులైమాన్ ఖతీబ్ లాంటి దఖ్నీ షాయర్ల మిజాహియా కలామ్, అన్నీ ఆ చిన్న డబ్బాల్లోకి ఎక్కాయి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు ఉత్తరాలకు బదులు క్యాసెట్లో మాటలు నింపి గల్ఫ్‌కి పంపేవాళ్లు. ఒక క్యాసెట్ బండిలో నడుస్తుంటే ముందు సీటు, వెనక సీటు అని ఫరఖ్ ఉండేది కాదు. అందరి చెవికీ అందేది.

వీడియో కోచ్ జమానా

1976లో జపాన్‌లో వీహెచ్ఎస్ టేపు వచ్చింది. హైదరాబాద్‌కి దూరదర్శన్ 1977లో వచ్చింది. 1982లో ఢిల్లీ ఏషియన్ గేమ్స్ ఏడాది దేశంలో రంగుల టీవీ మొదలైంది. ఈ మూడూ కలిసి వీసీఆర్ అనే పెట్టెను మన మొహల్లాలకు తెచ్చాయి. గల్ఫ్ కమాయీ ఉన్న ఇళ్లలో ముందు వచ్చింది. లేనివాళ్లు రాత్రికి కిరాయికి తెచ్చుకునేవాళ్లు.

అక్కడి నుంచి బస్సెక్కడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. ప్రైవేట్ బస్సుల మీద పెద్ద అక్షరాలతో వీడియో కోచ్ అని రాయడం మొదలైంది. డ్రైవర్ వెనక తడికకు చెక్క డబ్బా, దానిలో టీవీ, కింద వీసీపీ. టీవీకి ఇంటి కరెంట్ కావాలి, 220 వోల్టులు. బస్సు బ్యాటరీ ఇచ్చేది 12 లేదా 24. మధ్యలో ఇన్వర్టర్ పెట్టేవాళ్లు. గుంత వచ్చినప్పుడల్లా బొమ్మ మీద గీతలు పడేవి. ముందు వరస వాళ్లకు మెడ నొప్పి, వెనక వరస వాళ్లకు తలకాయలు తప్ప ఏమీ కనబడేది కాదు. సౌండ్ మాత్రం అందరికీ బరాబర్‌గా వినబడేది.

ఆ టేపుల్లో చాలా వాటికి లైసెన్స్ లేదు. థియేటర్లో ఆడుతున్న సినిమా రాత్రికి రాత్రి బస్సులో వచ్చేది. ఈ దొంగ టేపుల గోల ఎంతగా ముదిరిందంటే 1984లో కాపీరైట్ చట్టాన్నే మార్చారు. వీడియో క్యాసెట్ మీద హక్కుదారు వివరాలు ఉండాలన్నారు, సజా పెంచారు.

నాకు ఆ జమానా ఒక రాత్రితో గుర్తుంది. మా నానీకి హైదరాబాద్‌లో కంటి ఆపరేషన్ అయింది. ఒక కంటికి పట్టీ, రెండో కంటికి చూపు అంతంతే. డాక్టర్ ఇంటికి పొమ్మన్నాడు. రాత్రి బస్సులో కడపకు బయలుదేరాం. బస్సు ఊరు దాటగానే సినిమా మొదలైంది. ఫైటింగులు, అరుపులు. నానీ తల పట్టుకుంది. మా అబ్బా లేచి సౌండ్ కాస్త తగ్గించమని క్లీనర్‌ను అడిగారు. "వీడియో కోచ్ అని చూసే కదా టికెట్ కొన్నారు" అన్నాడు. అబ్బా ఇంకేమీ అనకుండా వచ్చి కూర్చున్నారు. కాసేపటికి ఒక పాట వచ్చింది. అమ్మీ బుర్ఖా చెంగు లాగి మా చెల్లెళ్ల మొహాల మీద కప్పింది. అబ్బా కిటికీ వైపు తిరిగారు. బస్సులో మాలాంటి ఖాందాన్లు ఇంకో రెండు మూడు ఉన్నాయి. ఎవరూ ఎవరి వైపూ చూడలేదు.

ఆ రాత్రి నాకు తెలిసింది ఒకటి. ముసాఫిర్ చేతిలో ఏ ఇఖ్తియార్ లేకపోతే తమాషా కూడా సజాయే.

అయితే అదే రాత్రి ఇంకొకటి కూడా జరిగింది. ఇంటర్వెల్ తర్వాత సినిమాలో ఒక ముసలి తల్లి ఏడుస్తున్న గొంతు వినబడింది. నానీ మెల్లగా అడిగింది, "ఎవరు బేటా ఏడుస్తోంది? ఏమైంది ఆమెకు?" నేను చెప్పడం మొదలుపెట్టాను. నేను ఆపితే చెల్లెలు అందుకుంది. కొడుకు ఎక్కడికి పోయాడు, ఎందుకు రాలేదు అని నానీ అడుగుతూనే ఉంది. మేం కొంత తెర మీదిది, కొంత మా సొంతానిది కలిపి చెప్పాం. సరాయిలో దాస్తాన్ చెప్పినట్టు. ఆ సినిమా పేరు నాకు ఇప్పుడు యాద్ లేదు. నానీ అడిగిన సవాళ్లు యాద్ ఉన్నాయి.

రిమోట్ ఇంట్లోకి వచ్చింది

1993లో వీసీడీ వచ్చింది. ఒక్కో డిస్కులో గంటా పావు దాకా బొమ్మ పడుతుంది. అందుకే మన రెండున్నర గంటల సినిమాకి రెండు డిస్కులు, పెద్దదైతే మూడు. 1996లో జపాన్‌లో డీవీడీ దిగింది. మొత్తం సినిమా ఒకే పళ్లెంలో. 1999లో అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ సిల్హౌట్ అనే బండి కప్పు నుంచి కిందికి మడత విప్పుకునే చిన్న తెరతో, క్యాసెట్ ప్లేయర్‌తో ఫ్యాక్టరీ నుంచే వచ్చింది. పల్చని ఎల్‌సీడీ తెర 12 వోల్టుల బ్యాటరీ మీదే నడుస్తుంది కాబట్టి ఇన్వర్టర్ గోల పోయింది. ఆ తర్వాత తెర కప్పు నుంచి దిగి సీటు తలగడ వెనక్కి చేరింది.

మన దగ్గర కూడా టూరిస్ట్ బండ్లలో, క్వాలిస్‌లు, సుమోల్లో ఇవి కనబడ్డాయి. 2005లో 'ద అంగ్రేజ్', మరుసటి ఏడాది 'హైదరాబాద్ నవాబ్స్' వచ్చాయి. మన గల్లీ బోలీలో మనల్నే చూసి నవ్వుకునే సినిమాలు. షాదీలకు పోయే బండ్లలో ఆ డిస్కులు గీతలు పడేదాకా తిప్పారు. వీడియో కోచ్‌కి, దీనికి ఫరఖ్ ఏమిటంటే రిమోట్. నచ్చని సీన్ వస్తే అమ్మీ "ఆగే కర్" అంటే చాలు. అజాన్ వినబడితే బంద్. ఇఖ్తియార్ క్లీనర్ చేతి నుంచి ఖాందాన్ చేతికి వచ్చింది. నా నజర్‌లో ఈ మొత్తం తారీఖ్‌లో మంచి మలుపు అదే.

2010లో ఐప్యాడ్ వచ్చింది. వెనకే సస్తా టాబ్లెట్లు, పెద్ద తెర ఫోన్లు వచ్చాయి. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చాక డేటా నీళ్లలా పారింది. రిమోట్ ఖాందాన్ చేతి నుంచి జారి ఒక్కో బచ్చా చేతిలో పడింది. ఇప్పుడు ఒకే బండిలో నలుగురు పిల్లలు నాలుగు దునియాల్లో ఉంటారు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు. పక్కన కూర్చున్న దాదీ ఏదన్నా అడిగితే రెండుసార్లు పిలవాలి. సీటుకో స్క్రీన్ పెట్టించమంటే, ఈ గోడల్ని నట్లు బోల్టులతో పక్కా చేయించుకోవడమే.

ఇక ఏది కొనాలి?

బజారులో నాలుగు రకాలున్నాయి.

మొదటిది సీటు తలగడ వెనక బిగించే తెరలు. జత అయితే వేలల్లో ఖర్చు. వైర్లు సీటు కవర్ లోపలి నుంచి లాగాలి. పని సరిగా రానివాడు లాగితే ఫ్యూజులు పోతాయి. బండి అమ్మితే అవీ పోతాయి.

రెండోది కప్పు నుంచి దిగే తెర. అందరికీ కనబడుతుంది, నిజమే. కానీ కప్పు కోయాలి. సైడ్ ఎయిర్‌బ్యాగ్‌లు ఉన్న బండిలో కప్పు అంచుల్ని ముట్టుకోవడమే ఖతర్. వెనక అద్దం చూసుకునే డ్రైవర్‌కి తెర అడ్డం వస్తుంది.

మూడోది డాష్‌బోర్డు మీద పెద్ద టచ్ స్క్రీన్. పాటలకు, దారి చూపడానికి బాగుంటుంది. వీడియోకి కాదు. మంచి కంపెనీలు బండి నడుస్తుంటే బొమ్మ ఆగిపోయేలా హ్యాండ్‌బ్రేక్ వైరుతో కలిపి పెడతాయి. షాపులో కుర్రవాడు "ఆ వైరు బైపాస్ చేస్తా అన్నా, ఎప్పుడైనా చూడొచ్చు" అంటాడు. మా వాడికీ అన్నాడట. ఖబర్దార్, ఒప్పుకోకండి. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో బండి ఒక్క సెకనుకి 22 మీటర్లు పోతుంది. రెండు సెకన్లు తెర వైపు చూస్తే 44 మీటర్లు కళ్లు మూసుకుని నడిపినట్టే. 2019లో మార్చిన మోటార్ వాహనాల చట్టంలో నడుపుతూ చేతిలో ఫోన్ వాడటాన్ని ఖతర్‌నాక్ డ్రైవింగ్‌లో చేర్చారు. జుర్మానా మాట పక్కన పెట్టండి. వెనక గాజు సామాను ఉంది.

నాలుగోది ఇంట్లో పడి ఉన్న టాబ్లెట్, దానికి ఒక హోల్డర్. రెండు ముందు సీట్ల తలగడల కడ్డీలకు అటూ ఇటూ బిగించి, మధ్యలో టాబ్లెట్ పెట్టే రకం హోల్డర్ కొన్ని వందల్లో వస్తుంది. నేను మా వాడికి చెప్పింది ఇదే. సౌండ్ బండి స్పీకర్లకు బ్లూటూత్‌తో కలిపేయమన్నాను. చార్జింగ్‌కి సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టే యూఎస్‌బీ చార్జర్ చాలు. బ్లూటూత్‌లో మాట పెదవి కంటే కొంచెం ఆలస్యంగా వస్తే ఆక్స్ వైరు వాడుకోవచ్చు.

కొన్ని జాగ్రత్తలు కూడా చెప్పాను.

బొమ్మలు ముందు రోజే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోవాలి. దారి పొడుగునా సిగ్నల్ ఒకేలా ఉండదు. నెట్ మీద నమ్మకం పెట్టుకుంటే సరిగ్గా పిల్లలు మారాం చేసే చోటే ఆగుతుంది. హైవే హై-ఫై సబఖ్ ఇదే. మాల్ మన దగ్గర ఉండాలి. చిన్న తెరకు మామూలు క్వాలిటీ చాలు, అలాగైతే ఒక సినిమా ఒక జీబీ లోపే పడుతుంది.

హోల్డర్ గట్టిగా ఉండాలి. బచ్చా ఒళ్లో, చేతిలో టాబ్లెట్ పెట్టకూడదు. సడన్ బ్రేక్ పడితే అది రాయిలా ఎగురుతుంది. వెనక సీటు వాళ్లకూ బెల్టు పెట్టాలి. డ్రైవర్ అద్దంలోకి తెర వెలుగు కొట్టకుండా రాత్రి బ్రైట్‌నెస్ తగ్గించాలి.

కొందరు పిల్లలకు తెర చూస్తే వాంతులొస్తాయి. చెవి లోపలి భాగం బండి కదులుతోందని చెబుతుంది, కన్నేమో బొమ్మ కదలకుండా ఒకేచోట ఉందని చెబుతుంది. ఈ రెండు గవాహీలు కలవక కడుపు తిప్పుతుంది. అలాంటి బచ్చాకి తెర కాస్త ఎత్తులో ఉండాలి. అరగంటకోసారి కిటికీలోంచి దూరం చూడమనాలి. ఘాట్ రోడ్డు మీద, వాన పడుతుంటే తెర బంద్.

దీనిలో ఒక కమీ ఉంది, దాచను. పది అంగుళాల తెర మూడో వరసకు సరిగా కనబడదు. దానికి ఖర్చు లేని ఇలాజ్ చెప్పాను. నమాజ్‌కో, చాయ్‌కో ఆగిన ప్రతిసారీ పిల్లలు జగా మార్చుకోవాలి. ఎవరిది బారీ అయితే బొమ్మ వాళ్లు చూజ్ చేయాలి. దాదీకీ ఒక బారీ ఉండాలి.

మా వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగాడు. "అమ్మీకి ఈ మధ్య చూపు సరిగా ఆనడం లేదు భాయ్‌జాన్. ఆమె బారీ వస్తే ఏం చూస్తుంది?"

"చూడకపోతే అడుగుతుంది. పిల్లలు చెబుతారు. అందుకే ఇయర్‌ఫోన్లు ఇంట్లో పెట్టి రమ్మంటున్నా" అన్నాను.

ఈద్‌కి వచ్చారు, అల్‌హమ్దులిల్లాహ్. హోల్డర్ ఒక మూల కాస్త ఊగిందని, గుడ్డ ముక్క చుట్టి బిగించామని చెప్పాడు. చిన్నవాడికి ఒక్కసారి కడుపు తిప్పిందట. ఖాలా బండి దిగుతూనే నన్ను పట్టుకుంది. "మేం చూసిన బొమ్మలో ఆ పిల్లాడి గుర్రం చివరికి దొరికిందా లేదా? ఇల్లు వచ్చిందని మధ్యలో బంద్ చేశారు" అంది. నలుగురు పిల్లలూ ఒకేసారి జవాబు చెప్పబోయారు. నలుగురిదీ నాలుగు కథలు.

మీరు ఏ తెర కొన్నా, బండి తాళం తిప్పే ముందు సఫర్ దువా చదవండి, బెల్టులు చూసుకోండి. వెనక కూర్చున్నవాళ్లు గాజు సామాను అని యాద్ ఉంచుకోండి. అల్లాహ్ అందరి సఫర్ ఆసాన్ చేయుగాక. ఖుదా హాఫిజ్.